దయ్యపు వేషము – ఛాయాచిత్రము



వేషము కట్టి జనులను భయపెట్టుట మన తెలుగువారికి క్రొత్తగాదు. నూర్పిళ్ళు ముగిసి గాదెలు నిండిన దినములలో పగటివేషగాండ్రు మన గ్రామములకు వచ్చెడివారు. కూచిపూడివారి బృందములు ఈ విద్యలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినవి. ఒకనాడు అర్ధనారీశ్వరుడు, ఒకనాడు సోమయాజులును సోమిదేవమ్మయు, ఒకనాడు బైరాగులు, మరియొకనాడు శక్తివేషము. శక్తి వీధిలో అడుగిడెనన్నచో పసిబిడ్డలు తల్లుల కొంగులలో దూరెడివారు. అయినను ఆ భయమునకొక హద్దుండెడిది. వారు పట్టపగలు వచ్చెడివారు. వేషగాండ్రని ఊరంతయు ఎరుగును. కడపటి దినమున వేషములు విడిచి, ఇంటింటికి వచ్చి సంభావన గైకొనెడివారు. నిన్న మనలను గడగడలాడించిన శక్తి నేడు మన అరుగుపై కూర్చుండి మజ్జిగ త్రాగుచుండుట చూచిన పిల్లవానికి భయము తొలగి, ఆ విద్యపై ముచ్చట మాత్రము మిగిలెడిది.

ఈ సంగతి ఇప్పుడెత్తుకొనుటకు కారణము కలదు. ఇటీవల మన పల్లెటూళ్ళ బాలురకు దయ్యపు వేషములతో ఛాయాచిత్రములు తీసికొను వేడుక పట్టుకొన్నది. ప్రతి సంవత్సరము అక్టోబరు 31వ తేదీన అమెరికా మొదలగు దేశములలో హాలోవీను అను పండుగ జరుగును. ఆనాడు పిల్లలు భూతప్రేతముల వేషములు వేసికొందురు. గుమ్మడికాయను తొలిచి, కన్నులును నోరును చెక్కి, లోపల దీపముంతురు. ఐర్లండు దేశస్థులు తొల్లి ఇందులకు టర్నిప్పు అను దుంపను వాడెడివారు. అమెరికా చేరిన పిమ్మట అక్కడ విరివిగా దొరకు గుమ్మడికాయకు మారిరి. ఆ దేశములందున్న మన బంధువుల బిడ్డలు తమ వేషముల చిత్రములను ఫోనుల ద్వారా ఇక్కడికి పంపుదురు. వానిని చూచి మన పిల్లలును ఉవ్విళ్ళూరుచున్నారు. మసికుండకు సున్నపుబొట్లు పెట్టి మిరపచేలలో నిలబెట్టువారము, బూడిదగుమ్మడికాయను గుమ్మమునకు వ్రేలాడగట్టువారము మనము. మనకు ఈ వేడుక మరీ అంత పరాయిదిగా తోపవలసిన పనిలేదు.

గత కార్తికమాసమున నా మనుమడును, వాని తోడి బాలురు నలుగురును నా యొద్దకు వచ్చి, “తాతయ్యా, మేము దయ్యాల వేషాలు వేసి ఫోటోలు తీసుకుంటాము, మాకు మూడు వేల రూపాయలు కావాలి” అని అడిగిరి. ఒక్కొక్క రబ్బరు ముసుగు ఐదారు వందలట. కృత్రిమరక్తపు సీసా వేరట. అన్నియు తపాలాలో తెప్పించుకొందురట. మా అమ్మాయి ఆ మాట వినగానే వారిని గద్దించినది. నేను మాత్రము, “మీకు మూడు వేలు ఇవ్వను. వంద రూపాయలలో మీ పని నెరవేర్చి చూపెదను. కాని నేను చెప్పిన చోటనే, చెప్పినట్లే చేయవలెను” అంటిని. నేను పొన్నూరిలో సంస్కృతము చదివికొని, ఆ చుట్టుప్రక్కల బడులలో ముప్పది యేండ్లు తెలుగు బోధించినవాడను. రసప్రకరణమును పాఠము చెప్పితినే గాని, దానిని ప్రయోగించి చూచు అవకాశము నాకెన్నడును కలుగలేదు.

ఈ వార్త రచ్చబండకు చేరుటకు ఒక పూట చాలినది. నాకు చిరకాలమిత్రుడైన ఒక రైతు, “పంతులుగారూ, మీరు కూడానా? పిల్లలకు బుద్ధి చెప్పవలసిన పెద్దలు దయ్యాల పిచ్చి ఎక్కిస్తారా?” అని నిలదీసెను. వారి ప్రశ్న ఉచితమైనదే. దానికి నేను చెప్పిన సమాధానమే ఈ ప్రసంగమునకు ప్రాణము.

భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పినాడు. అందు భయానకమొకటి. దానికి వర్ణము నలుపు; అధిదేవత కాలుడు. వికృతమైన ధ్వనులు, శూన్యగృహము, అరణ్యము, నక్కల కూతలు, గుడ్లగూబ అరపులు మొదలైన వానివలన భయానకము పుట్టునని ఆయన మాట. ఈ పట్టికను శ్రద్ధగా గమనింపుడు. ఇందు నెత్తురు లేదు. నెత్తురు, మాంసము, దుర్గంధము మొదలైనవి బీభత్సమునకు చెందినవి; అది వేరొక రసము, దాని రంగు నీలము. ముసుగులమ్మువారు బాలురకు అంటగట్టునది బీభత్సము. మన బాలురు కోరినది భయానకము. మొదటిదానికి డబ్బు కావలెను, రెండవదానికి చీకటి చాలును.

మరియొక మాట. కాళిదాసుని శాకుంతలము మొదటి అంకమున దుష్యంతుని రథమునకు వెరచి పారు లేడి కలదు గదా. అది మెడ త్రిప్పి త్రిప్పి వెనుకకు చూచుచు, సగము నమలిన దర్భలను దారిపొడుగునను జారవిడుచుచు పరుగెత్తును. అభినవగుప్తాచార్యులు భయానకమునకు ఆ పద్యమునే ఉదాహరణముగా గైకొన్నాడు. అక్కడ భయపెట్టు బాణము కంటె భయపడు లేడియే మనకు ముఖ్యముగా కనబడుచున్నది. పైగా ఆ భయము నాది కాదు, నీది కాదు. నాటకమని తెలిసి కూర్చున్న సామాజికుని హృదయమున అది ఆస్వాద్యమగుచున్నది. నాటకమని తెలియనివానికి రసము లేదు, దడ మాత్రమే కలదు. కనుక నా మిత్రునితో ఇట్లంటిని: “వేషము వేషమని తెలిసిన పిల్లవాడు చీకటికి తక్కువ భయపడును. వేషము కట్టినవాడు అంతకంటెను తక్కువ భయపడును. మన పగటివేషగాండ్రు చేసిన ఉపకారమదియే.” ఆయన తల ఊపి, “అయితే మా గొంగడి పట్టుకుపొండి” అనెను. మాకు ఒక వేషము అట్లు లభించినది.

ఇక సామగ్రి. తిరుపతి గంగజాతర మే నెలలో జరుగును. ఆ దినములలో భక్తులు దినమునకొక వేషము ధరింతురు. బైరాగి వేషమునకు ఒడలెల్ల తెల్లని నామపుసుద్ద. బండ వేషమునకు కుంకుమ. తోటి వేషమునకు బొగ్గుమసియు వేపమండలును. తెలుపు, ఎరుపు, నలుపు – ఈ మూడింటితో ఒక పట్టణమంతయు రూపుమారును. దీనిని మించిన చౌకవిద్య యేమున్నది?

మేము తెలుపునకు బియ్యపుపిండిని వాడితిమి. ముఖమునకు పలుచగా కొబ్బరినూనె రాచి, పలుచని గుడ్డలో పిండి మూటగట్టి అద్దినచో సమముగా పట్టును. నలుపునకు కాటుక. ఆముదపు దీపముపై మట్టిమూకుడు బోర్లించి, పట్టిన మసిని చల్లారిన పిమ్మట ఆముదముతో రంగరించి, కనుగుంటల చుట్టును, చెక్కిళ్ళ క్రిందను పూయవలెను. మధ్య గీత కనబడకుండ వ్రేలితో అంచులను చెరిపినచో ముఖము ఎముకల గూడువలె తోచును. పెదవులకును బియ్యపుపిండియే, పెదవి రంగు కనబడనిచో మనిషి సగము మనిషి కాకుండ పోవును! ఇది మా ఇంటి ఆడువారు కనుగొన్న కిటుకు.

ఇక్కడ పెద్దలు చెవినిడవలసిన సంగతి యొకటి కలదు. పూర్వపు వీధిభాగవతులు ముఖమునకు పసుపువన్నె రాగలందులకు అరదళమును నూరి పూసికొనెడివారు. తెలుపునకు సఫేదా, ఎరుపునకు ఇంగిలీకము వాడినవారును గలరు. అరదళమున ఆర్సెనికు అను పాషాణమును, సఫేదాలో సీసమును, ఇంగిలీకమున పాదరసమును ఉన్నవి. ఏండ్ల తరబడి వానిని ముఖమునకు పూసికొని బ్రదుకు వెళ్ళబుచ్చిన కళాకారుల కష్టము మనము తలచినదికాదు. నేటి బాలురు తలుపులకు వేయు వెండిరంగును, గోడరంగును ఒడలికి పూసికొనుచున్నారు. అది చర్మమును పొక్కించును; తుడుచుటకు కిరసనాయిలు రాయుదురు, అది మరింత చేటు. వంటింటనో పూజగదిలోనో దొరకు వస్తువే అయినను, ముందునాడు ముంజేతి లోపలివైపున కొంచెము పూసి చూడవలెను. దురద లేనిచో మరునాడు ముఖమునకు వాడవచ్చును.

ఎరుపు కావలెనని బాలురు పట్టుపట్టిరి. పసుపునీటిలో సున్నపుతేట కలిపినచో పారాణివలె ఎర్రనగుట మన ఆడువారందరు ఎరిగినదే. దానిలో ఒక పాతపంచెను ముంచి ఆరవేసితిమి. తరువాత నిమ్మరసము పిండినచో మరల పసుపువన్నెకు తిరుగును. బాలురకు అదొక వింత. కాని సున్నము కన్నులకు మిక్కిలి హానికరము గనుక ఆ ఎరుపును గుడ్డకే గాని ముఖమునకు తగులనీయలేదు. మరియొక పంచెను నల్లరేగడి బురదలో త్రొక్కి ఎండబెట్టి దులిపితిమి. భూమిలోనుండి లేచి వచ్చినట్టి ఆ మరకలు ఏ అంగడిలోనను కొన దొరకవు.

గడ్డమునకు, జడలకు మన సీమలో దూదికి కొదువయా! కాని శ్రోతలారా, దూది వెలిగించిన వత్తివలె అంటుకొనును. దూది అంటించుకొన్న పిల్లవాని దరిదాపులకు కాగడా గాని, కొవ్వొత్తి గాని, అగ్గిపుల్ల గాని రారాదు. భాగవతులు కాగడాలపై గుగ్గిలపుపొడి చల్లి భగ్గున మంట లేపెడివారు. అది ఆరితేరినవారి పని. మేము ఒక పాతకుండకు ముక్కుకన్నులు తొలిచి, లోపల టార్చిలైటు పెట్టితిమి. నిప్పు లేదు, భయము మాత్రము పుష్కలముగా నున్నది. పొగ కావలెనని ఒక బాలుడు మిరపతొడిమలను తగులబెట్ట బోయెను. మన గుంటూరుసీమలో పుట్టి మిరపకాయల ఘాటు ఎరుగని పిల్లవాడుండుట నాకు వింతగొలిపినది. ఒక్క క్షణము ఆలస్యమైనచో ఛాయాచిత్రములకు బదులు దగ్గులు మాత్రమే మిగిలియుండును.

స్థలమును గూర్చి పెద్ద వివాదము జరిగినది. శ్మశానముననే తీయవలెనని బాలుర కోరిక. నేను ససేమిరా యంటిని. దయ్యములున్నవని కాదు. మా వీధిలోని ఒక యిల్లాలు ఆ నెలలోనే బిడ్డను పోగొట్టుకొన్నది. ఆ మట్టి ఇంకను ఆరలేదు. అక్కడ నిలిచి మనము వేడుక చేసికొనుట ఆమె చెవినిబడినచో ఆమె గుండె ఏమగును? ఈ మాటకు బాలురు తలలు వంచిరి. శ్మశానము కావలెనన్నచో మన నాటకములలో లేకనా? బాపట్ల ప్రాంతీయులే యైన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీను వచ్చునప్పటికి నిద్రపోవు ప్రేక్షకుడు సైతము లేచి కూర్చుండెడివాడు. జాషువకవిగారి శ్మశానపద్యములను నటులు ఆ రంగముననే చేర్చి పాడెడివారు. ఆ శ్మశానమంతయు ఏమి? ఒక నల్లని తెర, ఒక గొంగడి, ఒక కఱ్ఱ. మిగిలినదంతయు నటుని గొంతులోనే యున్నది.

నిడుబ్రోలు స్టేషను ప్రక్కనున్న రైలుపట్టాలపై తీయుదమని మరియొకడు. దానికి నేను సమాధానమే చెప్పలేదు. తుదకు కాలువకట్ట మీది తాటితోపును ఎన్నుకొంటిమి. గాలికి ఎండుమట్టలు ఒకదానినొకటి రాచికొని చేయు ధ్వనిని వినినవారికి భరతుడు చెప్పిన వికృతధ్వని యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. పగలే వెళ్ళి గడ్డి కొట్టించి, గుంటలు చూచి, నీటి అంచునకు ఎవరును పోరాదని ఒక త్రాడు కట్టితిమి. వరిచేల గట్లపై సంధ్యవేళ రక్తపింజరులు తిరుగును గనుక అందరికి పాదరక్షలు. చిత్రమున పాదములు కనబడనిచ్చట మా చాతుర్యము.

ఇక చిత్రములు తీయు విధము. ఆ దినములలో మాకు సూర్యాస్తమయము సుమారు 5 గంటల 35 నిమిషములకు. అస్తమించిన పిదప ఇరువది నిమిషముల వరకు ఆకాశమున నీలపు వెలుగు నిలుచును. ఆ ఇరువది నిమిషములే మా పెట్టుబడి. ఈనాటి ఫోనునకు ఒక చాదస్తము కలదు. చీకటిని చూచినచో తానే వెలుగు పెంచి రాత్రిని పగలు చేయును. ముఖమును నున్నగా చేసి దయ్యమును పెండ్లికొడుకును గావించును! ముఖము నునుపుచేయు ఏర్పాటును ముందే ఆపివేయవలెను. తెరపై వ్రేలు తాకించినచో చిన్న సూర్యబింబము వంటి గుర్తు కనబడును. దానిని క్రిందికి జార్చినచో చిత్రము నల్లబడును. అంతియే మంత్రము.

కాటికాపరి చిత్రము అవలీలగా వచ్చినది. గొంగడి కప్పుకొని, కఱ్ఱ భుజమున నుంచి, పడమటి వెలుగునకు వీపు చూపి నిలిచిన బాలుని నీడరూపమే అది. ముఖము కనబడదు, కనుకనే చూచువారు తమకు తోచిన ముఖమును ఊహించుకొందురు.

నేను మురిసిపోయినది బేతాళుని చిత్రమునకు. సోమదేవుని కథాసరిత్సాగరమునుండి చందమామ పత్రిక వరకు విక్రమార్కుని కథ వినని తెలుగువాడు లేడు. బేతాళుడు చెట్టునకు తలక్రిందుగా వ్రేలాడవలెను. పిల్లవానిని తలక్రిందుగా వ్రేలాడగట్టుదమా? కొమ్మ విరిగినచో మెడ విరుగును. అందుచేత మేము బాలుని నిలువుగానే నిలబెట్టి, చిత్రమును తలక్రిందులు చేయ నిశ్చయించితిమి. అది తోచినంత సులువు కాదు. వ్రేలాడువాని జుట్టు నేలవైపునకు జారును గదా; చిత్రమును త్రిప్పినప్పుడు అట్లు కనబడవలెనన్నచో ఇప్పుడు అది ఆకాశమువైపునకు నిక్కియుండవలెను. చిక్కని గంజితో జుట్టును నిక్కబొడిపించితిమి. చేతులు రెండును పైకెత్తి వ్రేళ్ళు వదులుగా ఉంచుమంటిమి. జారు బట్ట లేకుండ గోచి బిగించితిమి. పెదనందిపాడు వైపు మెరకచేలనుండి వంటచెరకుగా వచ్చిన పత్తికట్టెను, ఒక ఎండుకొమ్మను కట్ట అంచున పాదములకడ అడ్డముగా పరచితిమి. ఫోను పట్టిన బాలుడు కట్ట దిగువన కూర్చుండి, వెనుక ఆకాశము తప్ప మరేమియు కనబడకుండ చిత్రము తీసెను.

చిత్రమును త్రిప్పి చూచినంతనే బాలురు కేక వేసిరి. కొమ్మకు కాళ్ళు తగిలించుకొని, జుట్టు విరబోసికొని బేతాళుడు వ్రేలాడుచున్నాడు! మేము తలపోయని లాభమొకటి కూడ చేకూరినది. ఆకాశపు వెలుగు పైనుండి ముఖముపై పడినది. చిత్రమును త్రిప్పగా అది క్రిందినుండి పడినట్లు కనబడినది. సూర్యుడు పైన నుండును గనుక ముఖములపై నీడలు క్రిందికి జారుట మన కన్నులకు అలవాటు. వెలుగు క్రిందినుండి వచ్చినచో తెలిసిన ముఖము సైతము పరాయిదగును. టార్చిలైటును గడ్డము క్రింద పట్టికొనినను ఇదే ఫలితము కలుగును. 1951లో వచ్చిన పాతాళభైరవి చలనచిత్రమున ఎస్.వి. రంగారావుగారి నేపాళమాంత్రికుని చూచి మా పెద్దలు జడిసిరన్నచో, అందులో ఆయన చూపెంతయో, మార్కస్ బార్ట్లీగారి వెలుగునీడల కూర్పును అంతయు కలదు. అది నలుపుతెలుపుల చిత్రము. అందులో రంగునకు చోటే లేదు.

ఆకారము పారదర్శకముగా కనబడు చిత్రమొకటి కలదు. ఫోనులో మనమే అన్నియు నిర్ణయించుకొను పద్ధతిని ఎన్నుకొని, వెలుగు గ్రహించు కాలమును 8 సెకనులకు పెట్టి, ఫోనును ఇటుకల నడుమ కదలకుండ నిలుపవలెను. బాలుడు నాలుగు సెకనులు నిశ్చలముగా నిలిచి, తటాలున ప్రక్కకు తప్పుకొనవలెను. వాని మేనిలోనుండి వెనుకనున్న తాటిబోదె కనబడును. రాత్రిచిత్రముల కని ఫోనులో వేరుగానున్న ఏర్పాటు దీనికి పనికిరాదు. అది తానే అనేక చిత్రములు తీసి కలుపుకొను నపుడు కదలిన మనిషిని తుడిచివేయుటయు కలదు.

ఈ కిటుకు నూటయేబది యేండ్లకు పైబడినది. డేవిడ్ బ్రూస్టరు అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 1856లోనే దీనిని వినోదార్థమై తన గ్రంథమున వివరించినాడు. కొన్ని యేండ్లకే అమెరికాలో మమ్లరు అను ఛాయాగ్రాహకుడు, చనిపోయిన ఆప్తుల ఆత్మలు తన చిత్రములలో వచ్చునని చెప్పి, దుఃఖములోనున్న వారికి వానిని అమ్మినాడు. 1869లో న్యూయార్కున వానిపై మోసపు నేరము మోపిరి. చాలినంత సాక్ష్యము లేనందున విడిచిపుచ్చిరి. ఛాయాచిత్రమున అట్టి నీడ తెప్పించుట విద్యయే. బ్రూస్టరు అది విద్యయని చెప్పెను; మమ్లరు చెప్పలేదు.

నేనింత గట్టిగా పలుకుటకు మరియొక హేతువు కలదు. ఉద్యోగకాలమున నేనున్న ఒక గ్రామమున, భర్త పోయిన వృద్ధురాలొకతె సందెవేళ ఆకుపసరుల కొరకు చింతతోపునకు పోవుచుండెడిది. తోపులో తెల్లచీర దయ్యము తిరుగుచున్నదని ఎవరో పుకారు పుట్టించిరి. మూడవనాటి రాత్రి ఆమెపై రాళ్ళు పడినవి. నుదురు చిట్లి ఆమె నెల దినములు మంచము పట్టెను. ఆమె బ్రతికినన్నాళ్ళు ఆ ఊరి పిల్లలు ఆమె గుమ్మమును తొక్కలేదు. అప్పుడు ఫోనులు లేవు, చిత్రములు లేవు. ఒక్క మాట చాలినది. కొన్ని దశాబ్దముల క్రిందట “ఓ స్త్రీ రేపు రా” అని ఇంటింటి తలుపుపైన వ్రాసికొన్న దినములు మీలో చాలమందికి జ్ఞాపకముండును. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి ఫోనులలో వ్యాపించి, మన తెలుగు రాష్ట్రములలో నిరపరాధులు గుంపుల చేతులలో దెబ్బలు తినిరి. ప్రాణములు కోల్పోయినవారును గలరు. చేతబడి అనుమానముతో ముసలివారిని హింసించిన ఉదంతములు మనము పత్రికలలో చదువుచునే యున్నాము.

కనుక నేను బాలురకు పెట్టిన నిబంధనలలో రెండింటిని సడలింపలేదు. తెల్లచీర దయ్యపు వేషము వలదు. ఆ చీర మన యిండ్లలోని నాయనమ్మల చీర. సినిమావారు దానిని దయ్యమునకు కట్టబెట్టిరి గాని, దానిని కట్టుకొని వీధిలో నడచువారు మనవారు. కడుపు కూటికై కాటిలో పనిచేయువారిని, బిచ్చమెత్తువారిని వెక్కిరించు వేషమును వలదు. ఇక రెండవది: చిత్రము ఎవరికి పంపినను, దానిపైననే వేషము పేరు, వేషము కట్టిన వాని పేరు, తేదీ వ్రాయవలెను. చిత్రము క్రింద వేరుగా వ్రాసినచో చాలదు. ఒకరు మరియొకరికి పంపునప్పుడు ఆ మాటలు జారిపోవును, చిత్రము మిగులును. ఈ రెండవదానికి మా మనుమడు, “పేరు రాస్తే ఇక భయమేముంటుంది తాతయ్యా?” అని గొణిగెను. పగటివేషగాండ్ర కడపటి దినపు సంభావన సంగతి అప్పుడు వానికి చెప్పితిని. వేషము విప్పి చూపినవానికే ఊరు ధాన్యము కొలిచెడిదని విని, వాడు కొంతసేపాలోచించి, బేతాళుని చిత్రముపై తన పేరునే అన్నిటికంటె పెద్ద అక్షరములతో వ్రాసికొనెను.

ఖర్చు లెక్క చెప్పవలసియున్నది. పాతకుండకు 30 రూపాయలు, గోనెపట్టాకు 20, దూదికి 15, కొబ్బరినూనెకు 20, త్రాటికి 10. వెరసి 95 రూపాయలు. పంచెలు నావి. గొంగడి నా మిత్రునిది. దానిని దులిపి, ఎండవేసి, మరల అప్పగించితిమి. ఆయన కాటికాపరి చిత్రమును చూచి, “గొంగడి బాగా వచ్చింది” అని మాత్రము అనెను.

చిత్రములన్నిటిలో నాకు నచ్చినది వేషము లేనిది. మా ప్రక్కింటి ఏడేండ్ల పిల్లవాడు, వేషము కట్టుటకు చిన్నవాడని పెద్దపిల్లలు త్రోసివేయగా, కట్టపై ఒంటరిగా ఇంటికి పోవుచు ఒక్కమారు వెనుదిరిగి తాటితోపు వంక చూచినాడు. ఫోను పట్టిన బాలుడు ఆ క్షణమును అందుకొన్నాడు. అందు దయ్యము లేదు. ఆ మెడ త్రిప్పుటయు, ఆ కన్నులును మాత్రమే కలవు. కాళిదాసుని లేడి గుర్తునకు వచ్చినది.

పుష్యమాసమున తెల్లవారుజామున వరికోసిన చేలపై మంచు నడుము లోతున నిలుచును. రూపాయి ఖర్చులేని ఆ మంచులో పిల్లవానిని కూడ నిలబెట్టి, విక్రమార్కుని భుజముపై బేతాళుని ఎక్కించి తీయవలెనని బాలురు ఇప్పటినుండియే ఉత్సాహపడుచున్నారు. ఈసారి విక్రమార్కుని వేషము నా మిత్రుడగు ఆ రైతే కట్టునట. కత్తికి మాత్రము తాటిమట్ట చాలునని చెప్పియున్నాను.